ఓదార్చడం రాని నర్సవ్వ

వానలు వెలిశాక వీధిలో బ్లీచింగ్ పొడి చల్లితే చాలు, ఇప్పటికీ లేచి కిటికీలు మూసేస్తాను. సూరత్‌లో ప్లేగు వచ్చిన ఏడు ఊరంతా అదే వాసన. దానితోపాటు నర్సవ్వ గుర్తొస్తుంది.

అక్కడి బమ్రోలి పేటలో మా పక్క గది ఆమెది. సాంచాల కార్ఖానాలో మరమగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఆమెకు మనిషిని ఓదార్చడం రాదని గల్లీలో పేరు. చావు జరిగిన ఇంటికి వెళ్ళినా నోరు విప్పదు. అంట్లు తోమి, పిల్లలకు ఇంత అన్నం పెట్టి వచ్చేస్తుంది. రాతిగుండె అనేవాళ్ళు. కొత్తగా కాపురానికి వచ్చిన నాకూ ఆమెంటే బెరుకే.

ఆ రోజుల్లోనే మా ఆయనకు జ్వరం వచ్చింది. ప్లేగేమోనని పెద్దాసుపత్రిలో వేరే వార్డులో పెట్టి, నన్ను గేటు బయటే ఆపేశారు. గల్లీకి గల్లీయే మూటలు కట్టుకుని రైలెక్కుతోంది. వెళ్తూ వెళ్తూ అందరూ దూరం నుంచే "ఏం కాదు" అన్నారు. నర్సవ్వ మాత్రం ఆ మాట అనలేదు. ఊరెళ్ళడానికి కట్టుకున్న మూటతోనే వచ్చి గేటు దగ్గర నా పక్కన కూలబడింది.

నాకు ఏడుపు రావడం లేదు. దుఃఖం అందామంటే ఇంకా ఏమీ జరగలేదు. భయం అంటే ఆ మాట చాలడం లేదు. నీళ్ళు కూడా దిగడం లేదని ఆమెతో చెప్పాను.

"గదే రంది బిడ్డా. మనిషి బతికుండంగనే పట్టుకుంటది. ఏడ్సినా పోదు," అంది.

ఆయనకు ఏమవుతుందని అడిగాను.

"నాకెరుక లేదు. నేనైతే ఈడనే ఉంట."

ఒళ్ళు మండింది. ఒక్క అబద్ధం ఆడితే ఈమె సొమ్మేం పోయింది అనుకున్నాను. అయినా ఆమెకే ఆనుకుని కూర్చున్నాను.

మర్నాడు నర్సు వచ్చి, అది మలేరియా అని చెప్పింది. నాకు నవ్వొచ్చింది. పక్కకు చూస్తే నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. వెనకెప్పుడో ఆమె భర్త ఆ ఆసుపత్రిలోనే పోయాడట.

"అందరు ఏం కాదన్నరు. నమ్మిన బిడ్డా. జావ కాసుకొద్దామని ఇంటికి పోయిన. నేనొచ్చేసరికి మంచం ఖాళీగుంది."

నర్సవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మా ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా నాకు ఆ రంది మొదలవుతుంది. ఏం కాదు, వెళ్ళి పడుకోమని పిల్లలు కసురుతారు. నేను మంచం పక్కనుంచి లేవను.