గ్రహణానికి కోసిన ఎక్స్‌రే

రాహేలు టీచరుకు ఏ వస్తువూ ఊరికే పడి ఉండకూడదు. అంగలకుదురు బడిలో ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. అట్టముక్క కనిపిస్తే చాలు, పిల్లలకు గడియారం చేసేసేది. తొంభై అయిదులో సూర్యగ్రహణమప్పుడు బీరువా మీద భర్త బర్నబాస్ పాత ఎక్స్‌రే ఆమె కంటబడింది. పదేళ్ల కిందట అతను ఉద్యోగానికని బాపట్లలో ఉండగా క్షయ అని తీయించినది. మందులు వాడారు, తగ్గింది, ఇంకెందుకది? కత్తెరతో ఎనిమిది ముక్కలు చేసి, సూర్యుణ్ణి చూడమని వీధంతా పంచింది. గ్రహణం వేళ తలుపులేసుకునే వాళ్లను కూడా ఆటపట్టించి మరీ చేతిలో పెట్టింది.

రెండేళ్లకు బర్నబాస్‌కు దగ్గు పట్టుకుంది. గుంటూరులో తీయించిన స్కానులో తెనాలి డాక్టరుగారు ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో రేగిపండంత గడ్డ చూపించారు.

"క్షయ మానిన మచ్చయినా కావచ్చు, కేన్సరయినా కావచ్చమ్మా. పాత ఎక్స్‌రే ఉందా? అందులోనూ ఇది ఇలాగే ఉంటే భయం లేదు."

 రాహేలు ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగింది. ఏడు ముక్కలు దొరికాయి. నేలమీద పేర్చి చూస్తే ఎడమవైపు కిందిదే లేదు. అది పక్కింటి మాణిక్యమ్మకిచ్చింది. ఆవిడ కూతురి దగ్గరకు రేపల్లె వెళ్లిపోయి ఏడాది దాటింది.

"పోనీలే రాహేలూ, కావాలని చేశావా ఏంటి?" అన్నాడు బర్నబాస్. తిట్టినా బాగుండేది. ఆ మాటకే ఆమెకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు రేపల్లె రైలెక్కింది. దారి పొడుగునా ఒకటే ప్రార్థన: ప్రభువా, అందులో మచ్చ ఉండాలి. మొగుడి గుండెల్లో మచ్చ ఉండాలని మొక్కుకునే ఇల్లాలు ఎక్కడన్నా ఉంటుందా!

"గ్రహణంపూట గడప దాటే అలవాటు మాకెక్కడిది టీచరమ్మా! నువ్విచ్చావు కదా, పారెయ్యబుద్ధి కాక చీరల మడతలో పెట్టా," అంది మాణిక్యమ్మ. ముక్క మీద గీతయినా పడలేదు. రాహేలు ఆవిడ చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

డాక్టరుగారు ఎనిమిదీ అతికించి లైటు ముందు పెట్టారు. కుడివైపు పైన పాత మచ్చలు రెండున్నాయి. ఎడమవైపు కింద ఆయన చాలాసేపు చూశారు.

"ఇక్కడేం లేదమ్మా. ఇది కొత్తగా వచ్చిందే."

"మళ్లీ చూడండి సార్. అతుకు కింద ఉందేమో, నేనే అడ్డంగా కోసేశానేమో. చిన్న చుక్కయినా ఉంటుంది సార్, చూడండి," అని రాహేలు ఆయన చెయ్యి పట్టుకుని బతిమాలింది.

బర్నబాస్ లేచి ఆమె వేళ్లు మెల్లగా విడదీశాడు. "సార్‌ని ఇబ్బంది పెట్టకు. ఇంటికి పోదాం పద," అన్నాడు. మరుసటి ఏడు ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం నాడు, ఎప్పుడూ ఇద్దరూ కలిసి వెళ్లే చర్చికి ఆమె ఒక్కతే వెళ్లింది.