ఆఖరి వరస ముందు మాట్లాడాలి

శ్రీరామచంద్రమూర్తిగారికి కష్టం వస్తే ఏడవడం చేతకాదు, ఎవరినీ తిట్టడం చేతకాదు. సంఘం పెట్టడం ఒక్కటే చేతనవును. రేపల్లెలో వాళ్ళ వీధి కుళాయిలో నీళ్ళు రాకపోతే కుళాయి సంఘం పెట్టారు. ఆ తర్వాత కుళాయి ఆగకుండా కారుతుంటే నీటి పొదుపు సంఘం పెట్టారు. రైల్లో గొడుగు మరిచిపోయిన రోజునైతే, స్టేషన్ నుంచి ఇంటికి చేరేలోపే గొడుగులు పోగొట్టుకున్నవారి సంఘానికి ముగ్గురు సభ్యుల్ని చేర్చేశారు. వాళ్ళలో ఒకాయనకి అసలు గొడుగే లేదు.

"ఎప్పటికైనా కొంటారు కదండీ. కొన్నాక ఎలాగూ పోతుంది" అన్నారు మూర్తిగారు.

పక్కింటి సుందరరామయ్యగారికి ఈ సంఘాలంటే ఒళ్ళుమంట. ఆయన తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్. ఒత్తిడి వర్గాల వల్ల, అంటే ఇలాంటి సంఘాల వల్ల, ప్రజాస్వామ్యం బలపడుతుందా, బలహీనపడుతుందా అనే పాఠం ఆయన ఏటా చెబుతారు. ఏటా బలహీనపడుతుందనే తేలుస్తారు. మూర్తిగారు కూడా తెనాలిలోనే ఒక వకీలుగారి దగ్గర గుమాస్తా. ఇద్దరూ రోజూ పొద్దున్నే రేపల్లె ప్యాసింజర్లో ఎదురెదురుగా కూర్చుంటారు కాబట్టి, కాలేజీ పిల్లలకి ఏడాదికోసారి జరిగే ఆ పాఠం మూర్తిగారికి వారానికోసారి జరిగేది.

"ఓట్లేసి ఎమ్మెల్యేని పంపించాం. ఆయన పని ఆయన్ని చెయ్యనివ్వాలి. గొంతున్న పదిమంది ఒకటై అరిస్తే వాళ్ళ పనే అవుతుంది. మరి గొంతులేనివాడి సంగతేంటండీ?"

"వాడికీ ఒక సంఘం పెడితే సరి కదండీ మేష్టారూ."

"ఎవరు పెడతారు?"

మూర్తిగారు కిటికీలోంచి మినప చేలు చూస్తూ కూర్చునేవారు. ఈసారికి నేనే గెలిచానని సుందరరామయ్యగారు టిఫిన్ క్యారియర్ ఒళ్ళోకి తీసుకునేవారు.

మూర్తిగారి సంఘాలకి రెండే నియమాలు. ఆయన ఎప్పుడూ కార్యదర్శే, అధ్యక్షుడిగా ఇంకెవరైనా ఉండాలి. రెండోది, మీటింగులో ఆఖరి వరసలో కూర్చున్నవాళ్ళే ముందు మాట్లాడాలి. ముందు వరసలోవాళ్ళు ఎలాగూ మాట్లాడతారు, వాళ్ళని ఆపడమే కష్టం అనేవారు. ఈ రెండో నియమంతో పెద్ద చిక్కొచ్చేది. ఆఖరి వరసలో చేరేవాళ్ళంతా ఆయన భార్య మాణిక్యాంబగారి కాఫీ కోసం వచ్చినవాళ్ళు. కుళాయి సంఘం మొదటి మీటింగులో మొట్టమొదట లేచి నిలబడిన పెద్దమనిషి, "నాకేం తెలీదండి. కాఫీ ఎప్పుడిస్తారో కనుక్కుందామని" అన్నాడు. మూర్తిగారు ఆ మాటని కూడా తల పంకిస్తూ శ్రద్ధగా విన్నారు.

ఆ కాఫీల మీదే ఒకరోజు మాణిక్యాంబగారికి విసుగొచ్చింది. "నావల్ల కాదండీ ఇక. డికాషన్ తియ్యలేక చేతులు పడిపోతున్నాయి" అన్నారు.

"నువ్వొక్కదానివే అడిగితే నేనెందుకు వింటాను? సంఘంగా రా" అన్నారు మూర్తిగారు.

ఆవిడ నిజంగానే వచ్చారు. పక్కింటి నుంచి సుందరరామయ్యగారి భార్య శ్యామలాంబగారిని, ఎదురింటి నుంచి కనకలక్ష్మిగారిని వెంటబెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. మూర్తిగారు ఆ ముగ్గురికీ కుర్చీలు వేసి, డిమాండు వెంటనే ఒప్పేసుకుని, పైగా అభినందించారు. ఆ రోజు నుంచి మీటింగుల్లో మజ్జిగే. ఆఖరి వరస సగం ఖాళీ అయింది.

అలాంటి మనిషి రైలు సంఘం పెట్టకుండా ఎలా ఉంటారు? ప్యాసింజర్ రోజూ రేపల్లెలోనే ఆలస్యంగా కదిలి, తెనాలికి ఆలస్యంగా చేరేది. వకీలుగారు మూర్తిగారిని క్లయింట్ల ముందే చీవాట్లు పెట్టేవారు. సుందరరామయ్యగారి పరిస్థితి ఇంకా అన్యాయం. ఆయన మొదటి పీరియడ్ రోజూ సగంలోనే మొదలయ్యేది. ఇలాగే సాగితే ఇంకో లెక్చరర్ని చూసుకోవలసి వస్తుందని ప్రిన్సిపాల్ మొహం మీదే చెప్పారు. అయినా మేష్టారు పంతం వదల్లేదు. మీటింగుకి పోకపోతే బావుండదని వెళ్ళారు గానీ, ఎవరి కంటా పడకూడదని ఆఖరి వరసలో చివరి కుర్చీ చూసుకుని కూర్చున్నారు.

ఇంకేముంది, అందరికంటే ముందు ఆయనే మాట్లాడవలసి వచ్చింది. లేచి నిలబడేసరికి పాఠాలు చెప్పే అలవాటు కొద్దీ మాట ధారగా వచ్చేసింది. ఎంత ఆలస్యమైనా తెనాలికి వేళకి చేరాలంటే బండి అరగంట ముందు బయల్దేరి తీరాలని గంభీరంగా ముగించారు. చప్పట్లు ఆగేలోపే మూర్తిగారు ఆయన్ని అధ్యక్షుణ్ణి చేసేశారు. ఆ రాత్రి శ్యామలాంబగారు, "ప్రజాస్వామ్యం ఎలా ఉందండీ?" అని అడిగితే, మజ్జిగ పుల్లగా ఉందన్నారు మేష్టారు.

మహజర్లు వెళ్ళాయి, ఎమ్మెల్యేగారు సిఫార్సు చేశారు. ఒక ఆదివారం రైల్వే ఆఫీసరు విచారణకి రేపల్లె స్టేషన్‌కి వచ్చారు. ఉద్యోగస్తులంతా ఇస్త్రీ చొక్కాల్లో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. సుందరరామయ్యగారు చక్కగా మాట్లాడారు. ఆఫీసరు తల ఊపి, సంతకం పెట్టడానికి పెన్ను తీశారు కూడా.

అప్పుడు గూడ్స్ షెడ్డు వైపు నుంచి కూరగాయలమ్మే ఆడవాళ్ళు వచ్చారు. రోజూ అదే బండిలో, తలుపు దగ్గర గంపల మధ్య కూర్చుని తెనాలి మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళే. వాళ్ళు ఇలా గుంపుగా వచ్చి ఒకచోట నిలబడటం మాత్రం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"మీరెవరు?" అన్నారు ఆఫీసరు.

"గంపలోళ్ళ సంఘవండి" అంది ముందున్న వరమ్మ.

"సరే, చెప్పమ్మా."

"నేను కాదండి. మాలో వెనకోళ్ళు ముందు చెప్పాలండి."

సుందరరామయ్యగారు గిరుక్కున మూర్తిగారి వైపు తిరిగారు. మూర్తిగారు స్టేషన్ గడియారాన్ని పరీక్షగా చూస్తున్నారు. అది ఆగిపోయి చాలా కాలమైంది.

వెనక నుంచి పుల్లమ్మ అనే బక్కపల్చని ముసలావిడ చీరకొంగు నలుపుకుంటూ ముందుకొచ్చింది. "బాబుగారూ, లంకల్లోంచి మా కూరలు పెనుమూడి రేవుకి పడవ మీద రావాలండి. తెల్లారందే పడవ కట్టరండి. బండి అరగంట ముందెళ్ళిపోతే మా బతుకు రేవులోనే ఉండిపోద్దండి. బస్సులో గంపలు ఎక్కనివ్వరు." మెల్లగా ఇంకో మాట కూడా చెప్పింది. "బండి లేటవటం మావల్లేనండి. గంపలెత్తేవాళ్ళు లేరండి. గార్డుగారు జాలిపడి ఆపుతారు."

గార్డుగారు ప్లాట్‌ఫారం మీద తనకి కనిపించిన మొదటి స్తంభం వెనక్కి వెళ్ళారు.

"ఇద్దరూ ఒక మాట మీదికి రండి. లేకపోతే ఎక్కువమంది ఏది అడిగితే అది రాసుకుంటాను" అన్నారు ఆఫీసరు. ఎక్కువమంది ఇస్త్రీ చొక్కాలవాళ్ళే. మేష్టారు ఊఁ అంటే చాలు, ఉద్యోగం నిలబడుతుంది.

ఆయన మూర్తిగారిని పక్కకి లాగారు. "వాళ్ళని పోగుచేసింది మీరేనా?"

వరమ్మే అందుకుంది. "ఈ బాబుగారేనండి. ఆదివారం ఆదివారం రేవుకొచ్చి, ఇసకలో కూర్చుని మాచేత మాట్లాడించారండి పంతులుగారూ. 'మీరు నోరు తెరవకపోతే మేమే గెలుస్తాం తల్లీ, అప్పుడు నాకు నిద్ర పట్టదు' అన్నారండి."

"మన సంఘం పెట్టింది మీరు, దానికి అడ్డం పడే సంఘమూ మీరే పెట్టారు. ఇదేం పనండీ?"

"మీరే కదండీ అడిగారు, ఎవరు పెడతారని" అన్నారు మూర్తిగారు, తప్పు చేసి దొరికిపోయినవాడిలా. వకీలుగారి చీవాట్లు తప్పించే బండి ఆయనకి కూడా కావాలి. ఆ సంగతి గుర్తొచ్చాక సుందరరామయ్యగారికి కోపం నిలవలేదు. ఈ పిచ్చి మనిషి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

ఆయన ఆఫీసరు దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నారు. "బండి వేళ మార్చకండి. వేళకి కదిలేలా చూడండి, అంతే. గంపలు మా సంఘంవాళ్ళు ఎత్తుతారు."

మర్నాటి నుంచి రేపల్లె స్టేషన్లో ఆ తమాషా చూడటానికి జనం వచ్చేవారు. ఒక బ్యాంకు ఆఫీసరుగారు వంకాయల గంప, ఇద్దరు టీచర్లు అరటి గెల, సివిక్స్ లెక్చరర్‌గారు గోంగూర కట్టలు ఎక్కించేవారు. బండి వేళకి కదిలేది. గార్డుగారు జెండా ఊపుతూ, "మేష్టారూ, తోటకూర మిగిలిపోయింది" అని కేకేసేవారు.

మొదటి గంటకే క్లాసులో అడుగుపెట్టిన సుందరరామయ్యగారి చొక్కా మీద కొత్తిమీర ఆకు ఉంటే పిల్లలు నవ్వుకునేవారు. ఆ ఏడు ఒత్తిడి వర్గాల పాఠం వచ్చినప్పుడు, బలపడుతుందా బలహీనపడుతుందా అని అడిగి, జవాబు తేల్చకుండా ఆఖరి బెంచీ వైపు చూశారు.

అక్కడ కుసుమకుమారి అనే అమ్మాయి లేచింది. "అది తెలీదు సార్. మా కొల్లూరు బస్సు మొదటి పీరియడ్‌కి అందదు సార్. రోజూ బయట నిలబెడుతున్నారు. పీరియడ్ కాస్త వెనక్కి జరుపుతారా అని."

ఆ అమ్మాయిని బయట నిలబెట్టినవాళ్ళలో తనూ ఉన్నానని మేష్టారికి అప్పుడు తట్టింది. "నువ్వొక్కదానివే అడిగితే ప్రిన్సిపాల్‌గారు వినరమ్మా. ఆ బస్సులో ఇంకెవరెవరు వస్తారు?" అన్నారు.

సాయంత్రం బండిలో ఆయన ఈ సంగతంతా ఉత్సాహంగా చెప్పుకొచ్చారు. కాలేజీలో తన చేతుల మీదుగా పుట్టిన మొదటి సంఘం అది. మూర్తిగారు మెచ్చుకోలుగా అంతా విన్నారు. ఖాళీ గంపల మధ్య కూర్చున్న వరమ్మ కూడా విన్నది. బండి వేమూరు దాటాక మూర్తిగారు మెల్లగా ముందుకి వంగారు.

"బావుందండీ మేష్టారూ. మరి పీరియడ్ వెనక్కి జరిగితే సాయంత్రం బస్సు తప్పిపోయే పిల్లలుంటారు కదండీ, వాళ్ళకి సంఘం ఉందా?"