పన్నీరు రెండుసార్లు చల్లించింది

మా అత్తవారిది కైకలూరు. చేపల చెరువులే మా ఆధారం. నాలుగేళ్ల క్రితం తాడేపల్లిగూడెంలో మా ఆడపడుచు కూతురి పెళ్లికి బయల్దేరుతూ, సాయంత్రందాకా వాసన నిలవాలని, స్నానం కాగానే మణికట్లకీ మెడకీ కాస్త కొబ్బరినూనె రాసి, దానిపైన సెంటు కొట్టుకున్నాను. రుద్దితే పోతుందంటే రుద్దను కూడా లేదు.

కల్యాణమండపం గుమ్మంలో మా ఆడపడుచు నన్ను దూరంనుంచే చూసి, పన్నీరు చల్లే అమ్మాయితో, "మా వదినగారికి రెండుసార్లు చల్లమ్మా, చెరువు గట్టుమీంచి వస్తున్నారు!" అంది. అందరూ గొల్లున నవ్వారు.

"వేళాకోళానికి అన్నాను వదినా" అంటుంది ఇప్పటికీ. దగ్గరకొచ్చి వాసన చూసి అనుంటే ఒప్పుకుందును. అసలు ఆ చెరువులు ఆవిడ పుట్టింటివే కదండీ! ఆ రోజు అనలేకపోయిన ఈ మాట, ఆవిడ ఈ పేజీ తప్పకుండా చదువుతుందనే రాస్తున్నాను.