తువ్వాల కింద చెయ్యి

"టెన్షన్ తీసుకోకు" అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లను తెచ్చి కొన్నాళ్లు మా ఇంట్లో కూర్చోబెట్టాలని ఉంటుంది నాకు. తీసుకోవడానికి అదేమన్నా బజార్లో అమ్ముతారా? బీదరులో మా ఆయనకు ఆ మాట చెప్పని మనిషి లేడు. పక్క దుకాణం సేటు చెప్పాడు, మా అమ్మ చెప్పింది, గడ్డం గీసేటాయన గొంతు మీద కత్తి పెట్టి మరీ చెప్పాడు. ఇచ్చే మనిషిని ఎవరూ ఏమీ అనలేదు.

మాది గంజ్‌లో ధాన్యం దుకాణం. కందులు, శనగలు, జొన్నలు టోకున కొని అమ్ముతాం. పోలీసు చర్య తర్వాత మా మామగారు పెట్టింది. రజాకార్ల రోజుల్లో ముఖంలో భయం కనబడనివ్వకుండా బతికిన మనిషి. కొడుకులిద్దరికీ అదే నేర్పాడు, లోపల ఏమున్నా పైకి రావద్దని. ఆయన పోయాక గద్దె మీద మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు కూర్చున్నారు. బేరం మా ఆయన వంతుకు వచ్చింది.

ఆ బేరం నోటితో జరిగేది కాదు. అమ్మేవాళ్ల తరఫు దళారీ, మా ఆయన ఎదురెదురుగా నిలబడి చేతులు కలిపితే పైన తువ్వాల కప్పేవారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత భావో, ఎంత ధరో వాళ్లిద్దరికే తెలుసు. చూసేవాళ్లకు ముఖాలు తప్ప ఇంకేమీ కనబడవు. అరచెయ్యి గట్టిగా నొక్కితే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత కాదనడానికి లేదు. జనవాడ రైతులు మా ఆయన చెయ్యే కావాలని ఎదురుచూసేవారు. మా ఆయనకు ఇంకే పనీ రాదు. లెక్కలు రాయడం రాదు, అది మునీమ్ చూసేవాడు. గట్టిగా మాట్లాడడం అసలే రాదు. గంజ్‌లో ఆయనకున్న పేరంతా ఆ చెయ్యే.

సాయంత్రం దుకాణం కట్టేశాక ఇంటి దగ్గర విచారణ మొదలయ్యేది. అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని తినడం మా ఇంటి ఆనవాయితీ. మా ఆయన ముద్ద కలిపే వేళకు సరిగ్గా బావగారు అడిగేవారు.

"ఎందుకిచ్చినవ్ తమ్మీ ఆ భావు?"

"మాల్ మంచిగుండె అన్నా."

"మంచిగుంటే? ఇంకో వేలు తగ్గేదాక ఆగలేకపోతివా?"

గొంతు పెంచేవారు కాదు. తిట్టేవారు కాదు. తిట్టినా బాగుండేది, నేను కలుగజేసుకునేదాన్ని. బావగారికి ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు కనుక నేను వంటింటి తలుపు చాటు నుంచి అనేదాన్ని, "తిననిస్తే రేపు పొద్దున చెప్తరు" అని. ఆయన నావైపు చూడకుండా తమ్ముడితో అనేవారు, "నీ ఇంటామె కాలేజీల సద్విందట గద. దుకాణం గూడ నడపమను."

చదివాను. మనస్తత్వశాస్త్రం కూడా చదివాను. పులి ఎదురైతే గుండె ఎట్లా కొట్టుకుంటుందో, నోరు ఎట్లా ఎండిపోతుందో, కడుపు ఎట్లా పని మానేస్తుందో బొమ్మ గీసి మరీ పాఠం చెప్పారు. పులితో ఒకే పొయ్యి మీద వండుకుని ఏళ్ల తరబడి తినేవాళ్ల సంగతి ఆ పుస్తకంలో లేదు.

మొదట మా ఆయనకు నిద్ర దూరమైంది. తర్వాత తిన్నది అరగడం మానేసింది. నాకు దవడలు బిగుసుకుపోయి పొద్దున లేచేసరికి పళ్లన్నీ నొప్పి. ఒకరోజు చూస్తే ఆయన చేతిలో ముద్ద వణుకుతోంది. "చలి పెడ్తాంది" అన్నారు. అది బీదరు ఎండాకాలం.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. చెయ్యి చాపించాడు, మోకాలి మీద కొట్టాడు. "నరాలల్ల ఏం లేదమ్మా. టెన్షన్. తీసుకోవద్దని చెప్పుండ్రి."

"ఈయనంతట ఈయన తీసుకున్నది గాదు డాక్టరు గారూ. ఇచ్చేటోళ్లు వేరే ఉన్నరు. వాళ్లకు రాసియ్యరాదుండ్రి గోలీలు."

డాక్టరు నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. రిక్షాలో వస్తూ, "అందరి ముందల ఎందుకట్లంటవ్" అన్నారు. ఆ చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

దర్గా నుంచి తావీజు తెచ్చి కట్టాం. గురుద్వారా ఊట నీళ్లు సీసాలో పట్టుకొచ్చి తాగించాం. ఫంక్షన్ హాల్లో శ్వాస శిబిరం పెడితే అక్కడికీ పంపాను. ఆయన బుద్ధిగా నేర్చుకుని ప్రతి ఉదయం గోడ వైపు తిరిగి కూర్చుని గాలి పీల్చేవారు, వదిలేవారు. అబద్ధమెందుకు, ఆ కాసేపు చెయ్యి ఆగేది. కానీ సాయంత్రం మళ్లీ అదే విస్తరి, అదే ప్రశ్న. పొద్దున పీల్చిన గాలి ఎంతసేపని ఉంటుంది?

"వేరు పోదాం" అన్నాను.

"వేరు పోతే నా చెయ్యి ఆగుతదా?"

"ఆగుతదేమో సూద్దాం."

"ఆగకపోతే? అప్పుడు అన్న గూడ ఉండడు."

ఎవరితోనైనా వాదించి గెలవగలను గానీ, భయపడే మనిషితో వాదించి గెలవలేను. 

కందుల కాలం వచ్చింది. కమలనగర్ వైపు నుంచి మాల్ దిగింది. తువ్వాల కింద బేరం ఇంకా సాగుతుండగానే మా ఆయన అరచెయ్యి అదిరింది. ఆయన నొక్కలేదు. వణికిందంతే. దళారీ దాన్ని ఒప్పుకోలు అనుకుని తువ్వాల తీసేశాడు. అంత ఎక్కువ భావుకు ఆ సంవత్సరం ఎవరూ కొనలేదు. "నేను నొక్కలే" అని ఒక్కమాట అనుంటే గంజ్‌లో నలుగురూ కూర్చుని ఆలోచించేవారేమో. అనాలంటే చెయ్యి వణుకుతోందని అందరి ముందూ ఒప్పుకోవాలి. ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా నిలబడ్డారట. తండ్రి నేర్పిన విద్య.

ఆ సాయంత్రం బావగారు ఏమీ అడగలేదు. చెయ్యి కడుక్కుని లేస్తూ అన్నారు, "రేపటి నుంచి మునీమ్ పెడ్తడు తియ్యి చెయ్యి. నువ్వు జర ఆరామ్ చెయ్యి తమ్మీ."

తలుపు చాటు నుంచి బయటికి వచ్చేశాను. పెళ్లయ్యాక అదే మొదటిసారి ఆయన ఎదురుగా నిలబడడం. "మీరడిగీ అడిగీ విరిచిన చెయ్యి అది బావగారూ" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. "నేనేమన్న కొట్టిన్నా?" అన్నారు తమ్ముడితో. మా ఆయన తల అడ్డంగా ఊపారు, లేదని. దాంతో నా మాట అక్కడే చచ్చిపోయింది.

మర్నాడు మా ఆయన అలవాటు కొద్దీ తువ్వాల భుజాన వేసుకుని తయారై, గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి కూర్చున్నారు. అప్పటి నుంచి ఆ చోటే. ప్రశ్నలు ఆగిపోయాయి, వణుకు మాత్రం ఆగలేదు. కారణం పోతే జబ్బు పోతుందని నా చదువు చెప్పింది. నేను నమ్మాను కూడా.

ఒక మధ్యాహ్నం ఆయన తువ్వాల ఒళ్లో పరుచుకుని, దాని కింద చెయ్యి దాచుకుని కూర్చున్నారు. పక్కన కూర్చుని నేనూ చెయ్యి లోపలికి పెట్టాను. ఆయన చెయ్యి చల్లగా, తడిగా ఉంది. నా వేళ్ల మీద ఏదో భావు చెబుతున్నట్టే కదిలింది.

"ఎంత అన్నరు?" అని అడిగాను.

"ఏమన్లే. అదే కొట్టుకుంటాంది."

గేటు దగ్గర బావగారి దగ్గు వినిపించింది. మా ఆయన చటుక్కున చెయ్యి లాక్కుని తొడ కింద పెట్టుకున్నారు. తువ్వాల నా చేతి మీదే ఉండిపోయింది.