రత్నమ్మక్క గొంతు వెనక మోటారు

ఎదురింటివాళ్ళు పొద్దున్నే నీళ్ళ మోటారు వేస్తారు. ఆ గుమ్మనే మోత వినగానే నా చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోతుంది. దాని వెనకనే "తిన్నావా?" అని ఒక అరుపు రావాలనిపిస్తుంది. రాదు. రత్నమ్మక్క పోయి ఏడాది దాటింది. నా చెవులు మాత్రం ఇంకా ఆ మాట నమ్మడం లేదు.

హోసూరులో మోటార్లు తయారుచేసే కంపెనీలో, మోత పరీక్షించే గదికి ఆమె పెద్ద. రోజూ కృష్ణగిరి నుంచి బస్సులో వచ్చేది. నేను మా ఊరు కల్లావి నుంచి డిప్లొమా పట్టుకుని కొత్తగా చేరాను. తిరిగే మోటారుకు చెరో పక్కన ఒక మైకు పెడతాం. ఎడమ మైకు, కుడి మైకు రెండూ ఒకే స్టీరియో ఫైలులో, వేటికవి విడిగా చేరతాయి. కంప్యూటరు ఆ మోతను విడగొట్టి గ్రాఫు గీస్తుంది. గుమ్మనే శబ్దాలు ఒక చివర, కీచుమనేవి ఇంకో చివర. గీత ఎక్కడ ముల్లులా లేస్తే అక్కడ అనుమానపడాలి.

చేరిన కొత్తలో ఒక మోటారు మామూలు చెవికే గుర్రుమంటోంది. నా గ్రాఫు మాత్రం అక్కడ నున్నగా ఉంది. అక్క వచ్చి చూసింది.

"రెండు మైకులూ కలిపేసినావా?"

"అవునక్కా, రెండు గ్రాఫులెందుకని."

"మోత అల ఒకదాంట్లో పైకి లేస్తా ఉంటే ఇంకోదాంట్లో కిందికి దిగతా ఉండాది. కలిపితే ఏం మిగుల్తుందమ్మా? పంచాయితీలో మొగుడూ పెండ్లాం ఒకేసారి అరిస్తే న్యాయం తెలుస్తుందా? ఒకరి తర్వాత ఒకరిని అడగల్ల."

విడివిడిగా గ్రాఫు గీసి చూస్తే రెండింటిలోనూ ముల్లు నిలబడి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం నవ్వి, తన టిఫిన్ డబ్బాలోని రాగిసంగటి సగం నాకు పెట్టింది.

ఆకలితో పనిచేసేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. రికార్డింగు నడుస్తుండగానే, మోటారు మోతను మించి, కుడి మైకు పక్కన నిలబడి అరిచేది: "గౌరీ! అన్నం తిన్నావా లేదా? ముందు తినేసి రాపో!"

"ఫైలు పాడైపోయింది కదక్కా."

"మోటారు మళ్ళా తిరుగుతుంది. నీ కడుపు మాడితే?"

అలా పాడైన ఫైలొకటి నా దగ్గర మిగిలింది. అక్క జ్వరంతో పోయాక, ఆమె కూతురు సుధ ఫోన్ చేసింది. "అమ్మ ఫోటోలుండాయక్కా, గొంతే లేదు. మోత తీసేసి అమ్మ మాట ఒక్కటే ఇస్తావా?"

అక్క నేర్పినట్టే ఎడమనూ కుడినీ విడదీశాను. ఎడమ మైకులో మోటారు ముళ్ళు ఎక్కడెక్కడున్నాయో చూసి, కుడిదాంట్లో సరిగ్గా అక్కడక్కడ తగ్గించాను. గొంతు కడిగిన ముత్యంలా వచ్చింది. నా విద్యకు నేనే మురిసిపోయి కృష్ణగిరి వెళ్ళాను.

విన్న సుధ ముఖం చిన్నబోయింది. "అమ్మ నీ మింద ఎందుకక్కా ఇంత కోపంగా అరస్తా ఉండాది?"

మోత తీయని పాత ఫైలు పెట్టాను. ముందు మోటారు అందుకుంది. దాని మీదుగా అదే గొంతు, అవే మాటలు. సుధ నవ్వింది, వెంటనే ఏడ్చింది.

"ఇదేనక్కా మా అమ్మ. మిక్సీ తిరగతా ఉంటే నన్ను ఇట్లనే పిలుస్తా ఉండె. మోటారుతోనే ఇయ్యి."

అదే ఇచ్చి వచ్చాను.

ఇప్పుడు ఆ గదికి నేనే పెద్ద. కొత్తగా చేరిన అమ్మాయి ఎదురుగా కూర్చుని గ్రాఫు చూస్తుంటుంది. మోటారు తిరుగుతుండగానే "తిన్నావా?" అని అరుస్తాను. ఫైలు పాడవుతుంది. పాడవనీ.