పదకొండో నంబరు ఒళ్లు

తారాదేవి చేతులు అప్పటికే పట్టుచీర అంచు మీద ఉన్నాయి. సన్న కుంచెతో పసుపు గీత, దాని పక్కన ముదురు నీడ, మళ్లీ పసుపు. సగం అంచు దగ్గర కుంచెను అవసరానికి మించి నొక్కింది. వెంట్రుకలు విచ్చుకుపోయాయి. వేస్తున్నది తప్పని తెలుసు. చెప్పింది కూడా. విననివాడికి ఎన్నిసార్లు చెప్పాలి?

సెరంగూన్‌లోని ఆ స్టూడియోలో ఆమె పని తలలు లేని ఒళ్లు వేయడం. గోడ మీది అట్టలో భంగిమలన్నిటికీ నంబర్లుంటాయి. కస్టమర్ ఎంచుకున్న నంబరు ప్రకారం మెడ కింద భాగమంతా ఆమె వేస్తుంది. యజమాని శశికాంత్ ఫోన్‌లో ఫోటో చూస్తూ పైన ముఖం వేస్తాడు. పదకొండో నంబరు పెద్దవాళ్లది: పట్టుచీర, ఎడమ భుజం మీద పైట, దీవిస్తూ ఎత్తిన కుడిచేయి.

ఎవరైనా ఇదేం పద్ధతని అడిగితే శశికాంత్ పీటర్ లీలీ పేరు ఎత్తుతాడు. పదిహేడో శతాబ్దంలో డచ్ తల్లిదండ్రులకు పుట్టి, లండన్ చేరి, రాజుగారి చిత్రకారుడైన మనిషి. ఆయన దగ్గరా భంగిమలకు నంబర్లుండేవి, బట్టలు సహాయకులు వేసేవారు. అది నిజమే. తారాదేవికి ఆ పద్ధతి మీద కోపం లేదు. విజయనగరంలో ఆమె తండ్రి రామారావు సినిమా బ్యానర్లు వేసిందీ అలాగే. ముఖాలు ఆయనవి, చీరలు కూతురివి. కానీ బ్యానర్ పైకెక్కే ముందు ఆయన వీధి చివరికి వెళ్లి నిలబడి చూసేవాడు. ఒక్క మడత అబద్ధంగా కనిపించినా సున్నం పూసి మళ్లీ వేయించేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. పెళ్లయ్యాక షిప్‌యార్డ్‌లో సూపర్‌వైజరైన భర్త బసవయ్య వెంట ఆమె దేశం దాటి ఈ నగరంలోని యూ టీ పేటకు వచ్చింది. కొన్నేళ్లు పిల్లలకు బొమ్మలు నేర్పి, తర్వాత ఈ స్టూడియోలో చేరింది.

ఇప్పుడు వేస్తున్న బొమ్మ అదే నగరంలో యీషున్ పేటలో ఉండే కల్పన అడిగింది. ఆమె కొడుకు వరుణ్ కొత్త ఫ్లాట్‌కు ఆదివారం గృహప్రవేశం. హాల్లో వాడి నానమ్మ సూరమ్మ దీవిస్తున్న బొమ్మ ఉండాలి. సూరమ్మ ఉత్తరాంధ్ర మనిషి, పుట్టినప్పటి నుంచీ కుడిపైటే. ఆ మాట తారాదేవి చెప్పగానే శశికాంత్ కంప్యూటర్‌లో పదకొండో నంబరును అటుదిటు తిప్పేశాడు. పైట కుడికి వచ్చింది, దీవించే చేయి ఎడమదైంది. అది తప్పని తారాదేవి చూపిస్తే, "కస్టమర్లు ఫేస్ చూస్తరు ఆంటీ, చెయ్యెవరు చూస్తరు? వెయ్యండి" అన్నాడు.

శశికాంత్ ముఖం కూడా వేశాక, శుక్రవారం కుటుంబమంతా చూడ్డానికి వచ్చారు. కల్పన బాగుందంది. వరుణ్ ఫోటో తీసుకున్నాడు. సూరమ్మ మాత్రం కదలకుండా నిలబడి చూసింది.

"ఎడంసేత్తో దీవించమంతావేటి నన్ను? ఆడి కొంపకి?"

"జస్ట్ పిక్చర్ లా, నానమ్మా," అన్నాడు వరుణ్, మాట చివర అక్కడి పిల్లల "లా" తగిలించి.

"పిచ్చరైతే? రేపు నాను పోయాక మీకు మిగిలీది అదేగదేటి."

శశికాంత్ నవ్వి, ఇది ఆర్ట్‌లో ఒక స్టైల్ అంటూ లీలీ కథ మొదలుపెట్టాడు. తారాదేవి కుంచె కింద పెట్టింది.

"ఆపు శశీ. ఆ లీలీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముఖం వేశాడు. నువ్వు ఆయన నంబర్లు తెచ్చుకున్నావు, కుర్చీ తెచ్చుకోలేదు."

ఆమే వెళ్లి కౌంటర్ వెనకున్న శశికాంత్ కుర్చీని లాక్కొచ్చి కిటికీ దగ్గర వేసింది. "కూకో పెద్దమ్మా," అంది. ముఖం వేయడం మీ పని కాదని శశికాంత్ అరిచాడు. అయితే రేపటి నుంచి రావద్దని చెప్పు, ఇవాళ మాత్రం అడ్డు రాకు అని ఆమె బదులిచ్చింది. కల్పన ఇబ్బందిగా ఫోన్‌లోకి చూసింది. ఆదివారానికి బొమ్మ లేకపోతే ఎలాగన్నదే ఆమె భయం. అక్రిలిక్ రంగులు త్వరగానే ఆరుతాయని, రేపు సాయంత్రానికి ఇస్తానని తారాదేవి మాటిచ్చింది.

కొత్త కాన్వాసు ఎక్కించింది. సూరమ్మ కుడిచేయి ఎత్తింది. చిటికెన వేలు వంకర, ఎంత చాచినా తిన్నగా రాదు. ముంజేతి మీద పాతబడి నీలంగా చెదిరిన పచ్చబొట్టు. అట్ట మీది ఏ నంబరులోనూ అలాంటి చెయ్యి లేదు. కాసేపటికి చెయ్యి కిందికి వాలసాగింది. వరుణ్ తనంతట తనే వచ్చి నానమ్మ మోచేతి కింద అరచేయి ఆనించి నిలబడ్డాడు. తారాదేవి ముందు చెయ్యి వేసింది, తర్వాత కుడిపైట, చివర ముఖం. నవ్వించమని కల్పన అంటే ఒప్పుకోలేదు. ఆ ముఖంలో ఉన్న కోపం తగ్గించకుండా వేసింది.

శనివారం ఆమె మిగిలిన పని చేస్తున్నంతసేపూ శశికాంత్ కౌంటర్ వెనక వీపు తిప్పుకుని కూర్చున్నాడు. సాయంత్రం బొమ్మను గోడకు ఆనించి, తలుపు తీసి, బయట కారిడార్ చివరిదాకా వెళ్లి అక్కడి నుంచి చూసింది. తిరిగొచ్చి పైట మడతలో ఒక నీడ ముదురు చేసింది. మళ్లీ వెళ్లి చూసింది. ఈసారి ఏదీ ముట్టుకోలేదు.

వరుణ్ సూరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె బొమ్మ ముందు నిలబడి తన కుడిచేయి ఎత్తి, బొమ్మలో వంకర వేలునూ తన వేలునూ మార్చి మార్చి చూసుకుంది.

"ఊఁ, ఇది నానే," అంది.

తారాదేవి బొమ్మకు పాత నూలు దుప్పటి చుట్టి తాడు కట్టింది. నిలువుగా పట్టుకో, దేనికీ ఒత్తుకోనివ్వకు అని చెప్పి వరుణ్ చేతుల్లో పెట్టింది.