చేతులు ఊపుకుంటూ నడిచిన చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయింది. పొద్దున్నే దుకాణం తాళం తీస్తుండగా ఆమె కొడుకు, నాకు తమ్ముడు, ఫోన్ చేశాడు. "అమ్మ కూసున్న కాడనే ఒరిగిందన్నా" అన్నాడు. రెండేళ్లకు పైగా ఆమె చేసిన పని కూర్చోవడమే. బీపీ పెరిగి పోయిందన్నారు. ఏదో ఒకటి అనాలి కదా.

ఆమె మా నాయిన తమ్ముడి భార్య. బచ్చన్నపేట దగ్గరి పల్లెలో వాళ్లకు రెండెకరాల పత్తి చేను ఉండేది. చిన్నాయిన ఆ చేనులోనే మందు కొడుతూ గుండె ఆగి పడిపోయాడు. చిన్నమ్మ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఎవరైనా పిలిస్తే చేనుకు వెళ్లేది, పత్తి ఏరేది, వచ్చి గోడకు వీపు ఆనించి కూర్చునేది. కంచంలో అన్నం పెడితే తినకుండానే చేయి కడుక్కునేది. మాట తగ్గిపోయింది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఆర్నెల్లు చూసి, నేను ఆమెను జనగామ దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరమ్మ గోలీలు రాసి, వాటితో పాటు రోజూ పొద్దున ముప్పావు గంట గట్టిగా నడవమంది.

"పొద్దుందాక చేన్ల తిరుగుత గదమ్మా" అంది చిన్నమ్మ. అన్ని నెలల్లో ఆమె నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు.

"అది పని. నెత్తి మీద మూట లేకుండ, చేతులు ఊపుకుంటు ఎప్పుడన్న నడిచినవా?"

చిన్నమ్మ నిజంగానే ఆలోచించింది. "చేతులు ఖాళీగ ఎన్నడున్నయమ్మా" అంది.

తమ్ముడి పాత బూట్లు వేసుకుని ఊరి నుంచి పత్తి జిన్నింగ్ మిల్లు దాకా నడవడం మొదలుపెట్టింది. మొదటి వారం ఆమె కోడలు, మా మరదలు, తోడు వెళ్లింది. తర్వాత ఒక్కతే. మూడో వారంలో కూరలో ఉప్పు ఎక్కువైందని కోడలిని తిట్టింది. తిట్టు తిన్న కోడలు ఆ సంగతి సంతోషంగా నాకు ఫోన్లో చెప్పింది. అదే రోడ్డు మీద పోలీసు సెలెక్షన్ల కోసం ఉరికే పిల్లలు ఆమెను ఆటపట్టించేవారు.

"ఏందవ్వా, నువ్వు సుత సెలెక్షన్లకేనా?"

"ఆఁ బిడ్డ. నౌకరొస్తే ముందుగాల నిన్నే లోపలేస్త."

ఒకసారి నేను వెళ్లినప్పుడు, అన్నం తింటూ నాతో అంది: "మనసు మొండి బర్రె కొడుకా. గుంజితె రాదు. మనం ముందు నడిస్తె అదే ఎనక వస్తది." నిద్ర పడుతోందని చెప్పింది. గోలీలు కూడా సగానికి తగ్గాయి.

పెద్దనాయినకు ఇది నచ్చలేదు. "తమ్ముడు పోయి ఏడాది గాలె. బూట్లేసుకొని చేతులూపుకుంట రోడ్డెక్కుతుంది. ఊరు నవ్వుతలేదా?" అన్నాడు. చిన్నమ్మ కొడుకు తల వంచుకున్నాడు. ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనే కనుక, ఆమెకు చెప్పే పని నాకు అప్పగించారు. దవాఖానకు తీసుకుపోయినవాణ్నీ నేనే. డాక్టరమ్మ మాట పెద్దనాయినకు చెప్పవలసింది పోయి, పెద్దనాయిన మాట చిన్నమ్మకు చెప్పాను.

"నడకంటే నడకనే గద చిన్నమ్మా. జర వాకిట్లనే నడువరాదు?"

ఆమె నా ముఖం చూసింది. "నువ్వు గూడనా" అంది. బూట్లు విప్పి అటక మీద పెట్టింది.

అయినా వెంటనే మానలేదు. కొడవలి, గోనెసంచి పట్టుకుని అదే దారిన వెళ్లడం మొదలుపెట్టింది. కొడవలి చేతిలో ఉన్న ఆడదాన్ని ఎక్కడికని ఎవరూ అడగరు. ఖాళీ సంచితో పోయి ఖాళీ సంచితో వచ్చేది. నెల రోజులు నడిచింది. ఒకనాడు వాడకట్టులో ఒకామె, "బర్రెలు అమ్ముకుంటిరి గదక్కా, గడ్డి ఎవలకు?" అంది. అరుగుల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మర్నాటి నుంచి కొడవలి కూడా కదల్లేదు.

వాకిట్లో ప్రయత్నం చేసింది. "పదకొండు అడుగులేస్తె గోడ అడ్డమొస్తది కొడుకా. తిరుగుడుకే సరిపోతది, నడుసుడేడిది" అంది. అదీ మానేసింది. గోలీలు మళ్లీ పెరిగాయి. కూరలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా మాట్లాడలేదు.

నిరుడు పెద్దనాయినకు షుగరు వచ్చింది. నడవమన్నారు. తెల్ల బూట్లు కొనుక్కుని మిల్లు రోడ్డు మీదే నడిచాడు. "వాకింగా బాపూ, మంచిది" అని ఎదురొచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. ఆయన చిన్నమ్మ గుమ్మం ముందు నుంచే పోయేవాడు. ఒకనాడు నేను అక్కడ ఉండగా చూసి, "మీ పెద్దనాయిన మంచిగ నడుస్తుండు. చేతులు జర ఊపుమను" అంది. అందులో వెటకారం ఉందో లేదో నేను వెతకలేదు.

చిన్నమ్మ దినం నాడు బంధువులు భోజనాల బంతిలో కూర్చుని ఆమెను పొగిడారు. "మొగడు పోయినంక ఇంటి కడప దాటలే. గసొంటి మనిషి ఈ కాలంల దొరకది" అన్నాడు పెద్దనాయిన. అందరూ అవునన్నారు. నా విస్తరిలో అన్నం ఉంది. తిన్నాను.

తెల్లారి ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. మిల్లు దాకా నడిచాను. దారిలో చాలామంది కనబడ్డారు. ఎక్కడికని ఒక్కరూ అడగలేదు. నా చేతుల్లో ఏముందో ఎవరూ చూడలేదు. మిల్లు గేటు దగ్గరికి వచ్చేసరికి ఛాతీలో బరువు కొంచెం దిగింది, ఊపిరి సాఫీగా ఆడింది. నేను ఆమెకు దక్కకుండా చేసింది ఇంతేనా అనుకున్నాను. ఇంతే.

తిరిగి వస్తుంటే ఊరి మొదట్లో ఒకామె ఇంటి ముందు ఊడుస్తోంది. చిన్నమ్మ వయసే ఉంటుంది. నన్ను చూసి పక్కకు జరిగింది. నా మీద దుమ్ము పడకుండా, నేను దాటిపోయేదాకా చీపురు ఎత్తి పట్టుకుని నిలబడింది.